చుట్టల చట్టం నుంచి అడవుల దాకా: థియోడర్ రూజ్‌వెల్ట్ సంస్కరణల తీరు

1882లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ ముందుకు ఒక చిన్న బిల్లు వచ్చింది. నగరంలోని అద్దె వాటాల్లో, అంటే కార్మిక కుటుంబాలు కాపురముంటున్న గదుల్లోనే, చుట్టలు చుట్టించడాన్ని నిషేధించాలన్నది దాని సారాంశం. దాన్ని పరిశీలించేందుకు వేసిన ముగ్గురు సభ్యుల సంఘంలో, తర్వాత అమెరికా అధ్యక్షుడు కాబోయే ఇరవై మూడేళ్ల థియోడర్ రూజ్‌వెల్ట్ ఒకరు. సంపన్న కుటుంబంలో పుట్టి, హార్వర్డ్‌లో చదివి, ఎవరి ఆస్తిలో వారు ఏ వ్యాపారం చేసుకున్నా ప్రభుత్వానికి పనిలేదన్న అర్థశాస్త్రాన్ని వంటబట్టించుకున్న ఆ యువకుడు బిల్లును వ్యతిరేకించాలనే అనుకున్నారు. చుట్టల కార్మికుల నాయకుడు శామ్యూల్ గాంపర్స్ ఒక్కసారి వచ్చి కళ్లతో చూడమన్నారు. రూజ్‌వెల్ట్ వెళ్లి చూశారు. ఒకే గదిలో రెండు కుటుంబాలు, మాసిన పక్కల పక్కనే పొగాకు, మూలన తిండి మిగుళ్లు. పగలంతా పని, రాత్రి పొద్దుపోయేదాకా అదే పని, తినడమూ పడుకోవడమూ అక్కడే. ఆయన మనసు మార్చుకుని బిల్లు పక్షాన నిలిచారు, గవర్నర్ గ్రోవర్ క్లీవ్‌లాండ్ ముందు దాని తరఫున వాదించారు కూడా. బిల్లు చట్టమైంది. 1885లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టివేసింది. కార్మికుణ్ణి పవిత్రమైన ఇంటి వాతావరణం నుంచి బయటికి లాగి మరోచోట పనిచేయిస్తే అతని ఆరోగ్యానికి గానీ నడవడికి గానీ కలిగే మేలేమిటని తీర్పు ప్రశ్నించింది.

ఆ తీర్పు రాసినవారు మంచివారే అయినా వారికి చట్టం తెలుసు గానీ బతుకు తెలియదని రూజ్‌వెల్ట్ చాలా ఏళ్ల తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు. సమాజాన్ని బాగుచేసే చట్టాల మంచిచెడ్డలు తేల్చడానికి న్యాయస్థానాలే తగినవి కావేమోనన్న అనుమానం తనకు మొదట కలిగింది అప్పుడేనని కూడా చెప్పుకున్నారు. ఆయన పేరు వినగానే ట్రస్టులను, అంటే పోటీ లేకుండా చేసుకున్న భారీ కంపెనీల కూటములను, బద్దలు కొట్టిన అధ్యక్షుడన్న బిరుదు గుర్తుకొస్తుంది. కానీ ఆయన చేసినదానిలో ఒక చిన్న భాగానికే ఆ బిరుదు నప్పుతుంది. ఆయన వల్ల అమెరికా పాలనలో నిలిచిపోయిన మార్పు మరొకటి. రైల్వే కంపెనీకీ సరుకు పంపే రైతుకూ మధ్య, గని యజమానికీ కార్మికుడికీ మధ్య, మాంసం కర్మాగారానికీ దాన్ని వండుకునే ఇంటికీ మధ్య కేంద్ర ప్రభుత్వపు తనిఖీదారు, లెక్కలు చూసే అధికారి శాశ్వతంగా వచ్చి నిలబడ్డారు. చూసినదాన్ని లోకానికి చూపించడం, దాని ఒత్తిడితో అధికారాన్ని సంపాదించడం, ఆ అధికారాన్ని కార్యనిర్వాహక శాఖ చేతిలో ఉంచడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి బలమూ బలహీనతా ఒకచోటే ఉన్నాయి.

(1930ల మాంద్యం నాటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వేరు. ఆయన ఈ కుటుంబానికి దూరపు బంధువు. థియోడర్ తమ్ముడి కూతురు ఎలినార్‌ను పెళ్లాడారు కాబట్టి మన వరసలో అల్లుడు.)

అధ్యక్ష పదవికి ముందు రూజ్‌వెల్ట్ చేసిన కొలువులన్నీ ఒక విధంగా ఈ పద్ధతికి శిక్షణే. 1884 ఫిబ్రవరి 14న ఒకే ఇంట్లో, ఒకే రోజున తల్లినీ భార్యనూ పోగొట్టుకుని ఆయన డకోటా ప్రాంతానికి వెళ్లి పశువుల మంద పెట్టుకోవడం, 1886–87 శీతాకాలం ఆ మందను మింగేయడం బాగా తెలిసిన కథలే. సంస్కరణల దృష్టితో చూస్తే అంతకంటే ముఖ్యమైనది 1889 నుంచి 1895 దాకా ఆయన కేంద్ర సివిల్ సర్వీస్ కమిషన్ సభ్యుడిగా గడిపిన కాలం. గెలిచిన పార్టీ పోస్టాఫీసు గుమాస్తా మొదలు కస్టమ్స్ అధికారి దాకా తన మనుషులనే కూర్చోబెట్టే ఆచారాన్ని 1883 నాటి పెండిల్టన్ చట్టం కొంత కట్టడి చేసింది. ఆ చట్టాన్ని నిజంగా అమలు చేయబోయిన రూజ్‌వెల్ట్ తన సొంత పార్టీ పోస్ట్‌మాస్టర్ జనరల్ జాన్ వానామేకర్‌తోనే కయ్యానికి దిగారు. రిపబ్లికన్ అధ్యక్షుడు హ్యారిసన్ నియమించిన ఆయన్ను తర్వాత వచ్చిన డెమొక్రాట్ క్లీవ్‌లాండ్ కొనసాగించారు. నిబంధన కాగితం మీద ఉండటం వేరు, దాన్ని అమలు చేయడానికి జీతం తీసుకునే మనిషి ఉండటం వేరు అన్న పాఠం ఆయనకు ఇక్కడ ఒంటబట్టినట్టు కనిపిస్తుంది.

1895 నుంచి రెండేళ్లు న్యూయార్క్ పోలీసు బోర్డు అధ్యక్షుడిగా, పేదల వాటాల ఫొటోలు తీసి లోకానికి చూపిన విలేఖరి జేకబ్ రీస్‌ను వెంటబెట్టుకుని, అర్ధరాత్రి వీధుల్లో తిరిగి నిద్రపోతున్న కానిస్టేబుళ్లను పట్టుకున్నారు. ఆ వార్తలు పత్రికలకెక్కాయి. ఆదివారం సారా దుకాణాలు మూయాలన్న చట్టాన్ని అక్షరాలా అమలు చేసి, వారంలో ఒక్కరోజే సెలవు దొరికే జర్మన్ కార్మికుల ఆగ్రహాన్నీ మూటగట్టుకున్నారు. తర్వాత నౌకాదళ సహాయ కార్యదర్శి పదవి, 1898 జూలైలో క్యూబా యుద్ధంలో శాన్ హువాన్ గుట్టల మీదికి దాడి, ఆ కీర్తితో న్యూయార్క్ గవర్నర్ పదవి చకచకా వచ్చాయి. నగరవీధుల మీద ట్రాములు నడిపే, గ్యాస్ అమ్మే కంపెనీలు ప్రభుత్వం నుంచి ఉచితంగా పొందిన హక్కుల మీద గవర్నర్‌గా పన్ను వేయించేసరికి, రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీని గుప్పిట్లో పెట్టుకున్న థామస్ ప్లాట్ ఈయన్ను ఎలాగైనా వదిలించుకోవాలనుకున్నారు. పనీపాటా లేని ఉపాధ్యక్ష పదవిలోకి నెట్టేస్తే చాలనుకున్నారు. 1901 సెప్టెంబరు 6న బఫెలోలో అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగాయి. 14న ఆయన మరణించారు. నలభై రెండేళ్ల రూజ్‌వెల్ట్ అదే రోజు ప్రమాణం చేశారు. అంత చిన్న వయసులో ఆ పదవిలోకి వచ్చినవారు నేటికీ లేరు.

ఆయన చేపట్టిన దేశం అప్పటికి కంపెనీల దేశం. 1890లో షెర్మన్ చట్టం గుత్తాధిపత్యాన్ని నేరంగా ప్రకటించినా, 1895లో చక్కెర ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు సరుకు తయారీ వేరు, వాణిజ్యం వేరు అని గీత గీసి ఆ చట్టం కోరలు పీకేసింది. 1901 చివర్లో బ్యాంకరు జె.పి. మోర్గన్, రైల్వే అధిపతులు జేమ్స్ హిల్, ఎడ్వర్డ్ హ్యారిమన్ కలిసి గ్రేట్ నార్తర్న్, నార్తర్న్ పసిఫిక్, బర్లింగ్టన్ రైల్వేలను నార్తర్న్ సెక్యూరిటీస్ అనే ఒకే హోల్డింగ్ కంపెనీ (ఇతర కంపెనీల వాటాలను చేతిలో ఉంచుకునేది) కిందికి తెచ్చారు. న్యూజెర్సీలో నమోదైన దాని మూలధనం 40 కోట్ల డాలర్లు. చికాగో నుంచి పసిఫిక్ తీరపు వాయవ్య మూల దాకా రైలు రవాణా దాదాపుగా ఒకే గుత్తకిందికి వచ్చినట్టయింది. 1902 ఫిబ్రవరిలో అటార్నీ జనరల్ ఫిలాండర్ నాక్స్ ఆ కంపెనీ మీద కేసు వేస్తున్నట్టు ప్రకటించినప్పుడు మంత్రివర్గంలో చాలామందికే ఆ సంగతి తెలియదు. హుటాహుటిన వైట్‌హౌస్‌కు వచ్చిన మోర్గన్, తమ వైపు తప్పేమైనా ఉంటే మీ మనిషిని మా మనిషి దగ్గరకు పంపండి, వాళ్లిద్దరూ సర్దుబాటు చేసుకుంటారు అన్నారు. అధ్యక్షుణ్ణి కూడా ఆయన తనతో పోటీపడే మరో పెద్ద వ్యాపారిగానే చూస్తున్నారని రూజ్‌వెల్ట్ ఆ తర్వాత వ్యాఖ్యానించారు. 1904 మార్చిలో సుప్రీంకోర్టు 5–4 తేడాతో ప్రభుత్వ పక్షాన తీర్పు ఇచ్చింది. రూజ్‌వెల్ట్ స్వయంగా నియమించిన న్యాయమూర్తి ఆలివర్ వెండెల్ హోమ్స్ వ్యతిరేక తీర్పు రాసినవారిలో ఉన్నారు.

ఆయన పదవిలో ఉన్న ఏడున్నరేళ్లలో షెర్మన్ చట్టం కింద 44 కేసులు పడ్డాయి. ఆయన తర్వాత వచ్చిన విలియం టాఫ్ట్ నాలుగేళ్లలోనే అంతకంటే ఎక్కువ కేసులు వేశారు. కాబట్టి బద్దలు కొట్టిన లెక్కే తీస్తే బిరుదు టాఫ్ట్‌కు దక్కాలి. పెద్ద కంపెనీ కావడమే నేరమని రూజ్‌వెల్ట్ ఎన్నడూ అనుకోలేదు. పెద్దతనం ఆధునిక పరిశ్రమ లక్షణమని, దాన్ని వెనక్కి తిప్పాలనుకోవడం ప్రవాహానికి ఎదురీదడమేనని ఆయన నమ్మకం. ఆయనకు కావలసింది కంపెనీలు ప్రభుత్వానికి జవాబుదారీగా ఉండటం. 1903 ఫిబ్రవరిలో వాణిజ్య, కార్మిక శాఖతో పాటు ఏర్పడిన బ్యూరో ఆఫ్ కార్పొరేషన్స్ అందుకు పుట్టినదే. కంపెనీల వ్యవహారాలను విచారించి నివేదికలు ఇవ్వడం దాని పని. చమురు ట్రస్టు స్టాండర్డ్ ఆయిల్ పెద్దలు దాన్ని ఆపాలని సెనేటర్లకు టెలిగ్రాములు పంపుతున్నారన్న కబురును రూజ్‌వెల్ట్ స్వయంగా విలేఖరుల చెవిన వేశారు. ఆ వార్త అచ్చయ్యాక బిల్లుకు అడ్డం పడే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఈ పద్ధతి అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది 1902 బొగ్గు గనుల సమ్మెలో. పెన్సిల్వేనియా తూర్పు భాగంలో దొరికే ఆంత్రసైట్ గట్టి బొగ్గు, పొగ తక్కువ. తూర్పు తీర నగరాల్లో చలికాలం ఇళ్లు వెచ్చగా ఉండటం దాని మీదే ఆధారపడి ఉండేది. మే నెలలో దాదాపు 1,40,000 మంది గని కార్మికులు పని ఆపేశారు. 20 శాతం కూలి పెంపు, ఎనిమిది గంటల పనిదినం, సంఘానికి గుర్తింపు వారి ముఖ్యమైన కోరికలు. గనుల్లో ఎక్కువ భాగం ఆ ప్రాంతపు రైల్వే కంపెనీలవే. యజమానుల తరఫున మాట్లాడిన జార్జ్ బేర్, కార్మికుల హక్కులను కాపాడేది ఆందోళనకారులు కారని, దేవుడు తన అనంత వివేకంతో ఈ దేశపు ఆస్తుల మీద అధికారం అప్పగించిన క్రైస్తవ పెద్దమనుషులేనని ఒక ఉత్తరంలో రాశారు. పత్రికల్లో వచ్చిన ఆ ఉత్తరం యజమానులకు చేసినంత నష్టం ఏ సమ్మె ఉపన్యాసమూ చేసి ఉండదు.

అక్టోబరు నాటికి నగరాల్లో బొగ్గు ధర మండిపోతోంది. అంతకుముందు సమ్మెల్లో అధ్యక్షులు జోక్యం చేసుకున్నారంటే దాని అర్థం సైన్యాన్ని యజమానుల పక్షాన పంపడమే. 1894లో రైల్వే కార్మికుల పుల్మన్ సమ్మె మీద క్లీవ్‌లాండ్ చేసింది అదే. రూజ్‌వెల్ట్ అక్టోబరు 3న ఇరుపక్షాలనూ వాషింగ్టన్‌కు పిలిచారు. నెల కిందటే మసాచుసెట్స్‌లో ఆయన గుర్రపుబగ్గీని ట్రాము ఢీకొట్టడంతో కాలికి గాయమై, చక్రాల కుర్చీలో కూర్చునే ఆయన ఆ సమావేశం నడిపారు. కార్మిక నాయకుడు జాన్ మిచెల్ మర్యాదగా, అధ్యక్షుడు నియమించే సంఘం ఏ తీర్పు చెప్పినా ఒప్పుకుంటామన్నారు. యజమానులు మిచెల్‌తో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. పైగా శాంతిభద్రతలు కాపాడలేదని అధ్యక్షుడికే పాఠం చెప్పారు. సమావేశం విఫలమైంది. అప్పుడు రూజ్‌వెల్ట్ తీసుకున్న ఆలోచన రాజ్యాంగం దృష్టిలో నిలబడేదా అన్నది నేటికీ అనుమానమే: సైన్యాన్ని పంపి గనులను స్వాధీనం చేసుకుని, ప్రభుత్వం తరఫున బొగ్గు తవ్వించడం. ఆ సంకల్పం యజమానుల దాకా చేరేలా చూశారు. యుద్ధ కార్యదర్శి ఎలిహు రూట్ న్యూయార్క్ వెళ్లి మోర్గన్‌తో ఆయన పడవలో మంతనాలాడారు. యజమానులు మధ్యవర్తి సంఘానికి దిగివచ్చారు. ఒక షరతు మాత్రం పెట్టారు: సంఘంలో కార్మిక ప్రతినిధి ఉండకూడదు, అందులో ఒక స్థానం ప్రముఖ సామాజికశాస్త్రవేత్తకు ఇవ్వవచ్చు. రూజ్‌వెల్ట్ రైల్వే కండక్టర్ల సంఘం నాయకుడు ఇ.ఇ. క్లార్క్‌ను సామాజికశాస్త్రవేత్త అని రాసి ఆ స్థానంలో కూర్చోబెట్టారు. పేరు మార్చేసరికి కొండంత అభ్యంతరం ఎలా కరిగిపోయిందో ఆయన తర్వాత నవ్వుకుంటూ రాసుకున్నారు.

1903 మార్చిలో వచ్చిన తీర్పు 10 శాతం కూలి పెంచింది, పని గంటలు తగ్గించింది, వివాదాల పరిష్కారానికి ఒక శాశ్వత బోర్డు పెట్టింది. సంఘానికి గుర్తింపు మాత్రం ఇవ్వలేదు. కార్మికులు అడిగినదానిలో సగమే దొరికింది. అయితే తగాదాలో అధ్యక్షుడు మూడో పక్షంగా, జనం పక్షంగా కూర్చోవడం అంతకుముందు లేని సంగతి. ‘స్క్వేర్ డీల్’ (న్యాయమైన బేరం) అని ఆయన తర్వాత ప్రచారం చేసుకున్న మాటకు, అంటే ఎవరికి న్యాయంగా రావలసింది వారికి దక్కాలన్న హామీకి, ఉదాహరణగా చూపింది ఈ సమ్మెనే. ఆ బేరంలో ఎవరికి ఎంత రావాలో తూచే తక్కెడ మాత్రం ఆయన చేతిలోనే ఉంటుంది.

1904 ఎన్నికల్లో 56 శాతానికి పైగా ఓట్లతో గెలిచి, అదే రాత్రి మళ్లీ పోటీ చేయనని ప్రకటించారు. తన చేతులు తానే కట్టేసుకున్న ఆ మాట గురించి తర్వాత ఆయన చాలాసార్లు విచారించారు. గెలుపు ఖర్చులో పెద్ద వాటా కంపెనీలదేనన్నదీ దాచదగ్గది కాదు. మోర్గన్ ఒక్కరే లక్షన్నర డాలర్లు ఇచ్చారు. కేంద్ర ఎన్నికలకు కంపెనీలు విరాళాలివ్వడాన్ని నిషేధించే చట్టం 1907లో వచ్చింది.

రెండో దఫాలో అసలు పోరు రైల్వేల మీద. స్టాండర్డ్ ఆయిల్ లాంటి పెద్ద ఖాతాదారులకు రైల్వేలు ఛార్జీలో కొంత గుట్టుగా తిరిగి ఇచ్చేవి. ఆ రిబేటు భారం చిన్న వ్యాపారి మీద, గోధుమ పండించే రైతు మీద పడేది. 1903 నాటి ఎల్కిన్స్ చట్టం రిబేటును నిషేధించింది. ఇవ్వలేక ఇస్తున్న రిబేట్ల బాధ తప్పుతుందని రైల్వేలే ఆ చట్టాన్ని సమర్థించాయి. ఛార్జీ ఎంత ఉండాలో చెప్పే అధికారం మాత్రం ఎవరికీ లేదు. 1887లో ఏర్పడిన అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌ను కోర్టులు పేరుకే మిగిల్చాయి. ఫిర్యాదు వచ్చిన ఛార్జీని పరిశీలించి గరిష్ఠ రేటు నిర్ణయించే హక్కును కమిషన్‌కు ఇచ్చే హెప్‌బర్న్ బిల్లు 1906 ఫిబ్రవరిలో ప్రతినిధుల సభలో 346–7తో గట్టెక్కింది. సెనేట్‌లో నెల్సన్ ఆల్డ్రిచ్ నాయకత్వంలోని సంప్రదాయవాదులు బిల్లును తిరస్కరించకుండా, కమిషన్ నిర్ణయాలను కోర్టులు సమూలంగా తిరగదోడే వీలు కల్పించాలని పట్టుబట్టారు. చుట్టల చట్టం గతి తెలిసిన రూజ్‌వెల్ట్‌కు ఆ సవరణ అర్థం కాకుండా ఉండదు. ఆయన్ను ఇరుకున పెట్టడానికి ఆల్డ్రిచ్ బిల్లును సభలో నడిపించే బాధ్యతను దక్షిణ కరోలినా డెమొక్రాట్ బెంజమిన్ టిల్‌మన్‌కు అప్పగించారు. టిల్‌మన్‌కూ రూజ్‌వెల్ట్‌కూ మాటల్లేవు. మధ్యవర్తి ద్వారా కొన్నాళ్లు టిల్‌మన్‌తో కలిసి ఓట్లు కూడగట్టే ప్రయత్నం చేసి, అవి చాలవని తేలగానే రూజ్‌వెల్ట్ అటునుంచి ఇటు తిరిగి, కోర్టుల అధికారం ఎంతో స్పష్టంగా చెప్పకుండా వదిలేసే రాజీ సవరణకు ఒప్పుకున్నారు. టిల్‌మన్ ఆయన్ను నమ్మకద్రోహి అన్నారు. రైల్వే ఆస్తుల అసలు విలువ లెక్కగట్టకుండా న్యాయమైన ఛార్జీ ఎలా తేలుస్తారని విస్కాన్సిన్ సెనేటర్ రాబర్ట్ లాఫాలెట్ నిలదీశారు.

లాఫాలెట్ ప్రశ్నలో బలముంది. అయినా హెప్‌బర్న్ చట్టంలో అప్పట్లో ఎవరి కంటికీ ఆనని ఒక నిబంధన ఉంది. ప్రతి రైల్వే కంపెనీ కమిషన్ చెప్పిన నమూనాలోనే లెక్కలు రాయాలి, వేరే చిట్టా పెట్టుకోకూడదు, తనిఖీ అధికారి అడిగితే చూపించాలి. ఛార్జీ మీద వాదన కోర్టులో ఎటు తిరిగినా చిట్టా మాత్రం ఇక కంపెనీ గుట్టు కాదు. సంస్కరణ అంటే చరిత్ర పుస్తకాలు ఉపన్యాసాలను గుర్తుపెట్టుకుంటాయి గానీ, రైల్వేల గుట్టు విప్పడంలో ఈ లెక్కల నిబంధన చాలా ఉపన్యాసాల కంటే ఎక్కువ పనిచేసిందనే చెప్పాలి.

ఆ చట్టం మీద సంతకమైన మర్నాడే, 1906 జూన్ 30న, కల్తీ ఆహారం, మందులను అరికట్టే చట్టమూ మాంసం తనిఖీ చట్టమూ వచ్చాయి. మొదటిదాని వెనుక వ్యవసాయ శాఖ రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ఆహారం నిల్వకు కలిపే బోరాక్స్ లాంటివి ఒంటికి ఏం చేస్తాయో తేల్చడానికి 1902 నుంచి యువకులకు అవే కలిపిన భోజనం పెట్టి ఆయన పరిశీలించారు. పత్రికలు వారికి విషం దళమని పేరు పెట్టాయి. రెండోదాన్ని కదిలించింది చికాగో మాంసం కర్మాగారాల మీద అప్టన్ సింక్లెయిర్ రాసిన నవల. సోషలిస్టు అయిన సింక్లెయిర్ కార్మికుల కడగండ్లు చెప్పాలని రాస్తే, పాఠకులు తమ పళ్లెంలోకి ఏం వస్తోందో చూసుకుని హడలిపోయారు. జనం గుండెకు గురిపెడితే కడుపుకు తగిలిందని ఆయనే వాపోయారు. రూజ్‌వెల్ట్‌కు ఆ రచయిత మీద నమ్మకం లేదు. అందుకే కార్మిక కమిషనర్ చార్లెస్ నీల్‌నూ జేమ్స్ రెనాల్డ్స్‌నూ చికాగో పంపి విచారణ చేయించారు. నివేదికను వెంటనే బయటపెట్టకుండా బేరానికి దగ్గర ఉంచుకుని, ప్రతినిధుల సభ కమిటీ బిల్లును నీరుగార్చబోయినప్పుడు కొంత భాగం విడుదల చేశారు. విదేశాల్లో అమెరికా మాంసం అమ్మకాలు పడిపోవడంతో కర్మాగారాల యజమానులే తనిఖీ ముద్ర కావాలనే స్థితికి వచ్చారు. తనిఖీ ఖర్చు కంపెనీల మీద కాకుండా ఖజానా మీద, ఏటా 30 లక్షల డాలర్లు, పడింది. డబ్బా మీద తయారీ తేదీ వేయాలన్న నిబంధన ఎగిరిపోయింది. కార్మికుల సంగతి చట్టంలో లేనేలేదు.

అడవుల విషయంలో మాత్రం రూజ్‌వెల్ట్ రాజీపడిన సందర్భాలు తక్కువ. బహుశా ఇక్కడ ఆయనకు చట్టసభ అనుమతి అంతగా అవసరం లేకపోవడమే కారణం. 1891 నాటి ఒక చట్టం ప్రకారం ప్రభుత్వ భూమిలో అడవులను అధ్యక్షుడు ఉత్తర్వుతోనే రిజర్వు చేయవచ్చు. 1905లో అటవీ రిజర్వులన్నీ వ్యవసాయ శాఖకు మారి, గిఫోర్డ్ పిన్‌షో అధిపతిగా అటవీ సేవా విభాగం ఏర్పడింది. అడవిని తాళం వేసి ఉంచకుండా, కలపను శాస్త్రీయంగా కొడుతూ, మేతకు రుసుము వసూలు చేస్తూ తరతరాలకు నిలపాలన్నది పిన్‌షో వాదం. పశ్చిమ రాష్ట్రాల కలప, పశువుల వ్యాపారులకు ఇది కంటగింపైంది. 1907లో ఒరెగాన్ సెనేటర్ చార్లెస్ ఫుల్టన్ వ్యవసాయ పద్దుల బిల్లుకు ఒక సవరణ తగిలించారు: ఆరు వాయవ్య రాష్ట్రాల్లో ఇకపై కాంగ్రెస్ అనుమతి లేనిదే కొత్త రిజర్వు కూడదు. పద్దుల బిల్లును తోసిపుచ్చితే శాఖకే డబ్బు ఆగిపోతుంది. సంతకానికి మిగిలిన కొద్ది రోజుల్లో పిన్‌షో సిబ్బంది రాత్రింబగళ్లు పటాలు గీశారు. 1 కోటి 60 లక్షల ఎకరాలను రిజర్వు చేసే ఉత్తర్వులు జారీ అయ్యాక, తనకు ఇక ఆ అధికారం లేకుండా చేసే బిల్లు మీద రూజ్‌వెల్ట్ సంతకం పెట్టారు. వ్యతిరేకులు కోపంతో పిల్లిమొగ్గలు వేశారని ఆయన తర్వాత రాసుకున్నారు.

ఇదే ధోరణిలో 1906 పురావస్తు చట్టాన్నీ ఆయన సాగదీశారు. శిథిలాలను, చారిత్రక స్థలాలను కాపాడేందుకు తెచ్చిన ఆ చట్టం కాపాడే విస్తీర్ణం వీలైనంత తక్కువగా ఉండాలంటుంది. 1908 జనవరిలో దాని కిందే గ్రాండ్ కాన్యన్‌లో ఎనిమిది లక్షల ఎకరాలకు పైగా స్మారకంగా ప్రకటించారు. పదవి వదిలేనాటికి ఆయన ఏర్పాటు చేసిన లేదా విస్తరించిన 150 జాతీయ అటవీ ప్రాంతాలు, 51 పక్షి సంరక్షణ కేంద్రాలు, 18 జాతీయ స్మారకాలు, 5 జాతీయ ఉద్యానవనాలు కలిసి సుమారు 23 కోట్ల ఎకరాలు. ఆ భూముల్లో చాలావరకు అంతకుముందు ఆదివాసీ తెగలు తిరిగిన, బతికిన నేల. కాపాడటమంటే వారిని లెక్కలోకి తీసుకోవడమన్న ఆలోచన ఆ ఉత్తర్వుల్లో ఎక్కడా కనిపించదు.

తక్కెడ ఒకరి చేతిలోనే ఉంటే ఏమవుతుందో 1906 ఆగస్టులో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో తేటతెల్లమైంది. ఒక రాత్రి ఊళ్లో కాల్పులు జరిగి ఒకరు చనిపోతే, దగ్గరి శిబిరంలో ఉన్న 25వ పదాతి దళపు నల్లజాతి సైనికుల మీద నేరం మోపారు. సైనికులంతా శిబిరంలోనే ఉన్నారని వారి తెల్లజాతి అధికారులే మొదట చెప్పారు. ఎవరూ ఎవరి పేరూ చెప్పకపోవడాన్నే కుట్రగా భావించి, విచారణ లేకుండా 167 మందిని రూజ్‌వెల్ట్ సైన్యం నుంచి గౌరవం లేకుండా తొలగించారు. నల్లజాతి ఓటర్లు ఎక్కువగా తన పార్టీవారే కాబట్టి కాంగ్రెస్ ఎన్నికలు ముగిసేదాకా ఆ ఉత్తర్వు బయటికి రానీయలేదు. 1901 అక్టోబరులో నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌ను వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిచి దక్షిణాది ఆగ్రహానికి గురైన అధ్యక్షుడే ఆయన. సైన్యం ఆ ఉత్తర్వును రద్దు చేసి వారి గౌరవాన్ని పునరుద్ధరించింది 1972లో. అప్పటికి వారిలో దాదాపు అందరూ పోయారు. ఈ దృష్టి దేశ సరిహద్దుల్లో ఆగలేదు. 1909 జనవరిలో వాషింగ్టన్‌లో చేసిన ఒక ప్రసంగంలో ఆయన భారతదేశంలో బ్రిటిష్ పాలనను గొప్ప ఘనకార్యంగా కీర్తించారు. అప్పుడు మన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం మీద అదే పాలన జైల్లో ఉన్నారు.

సుంకాల జోలికీ, బ్యాంకింగ్ జోలికీ రూజ్‌వెల్ట్ పోలేదు. సొంత పార్టీ చీలుతుందన్న భయం అందుకు ముఖ్య కారణం. 1907 అక్టోబరు ఆర్థిక సంక్షోభంలో ఆ నిర్లక్ష్యానికి ధర చెల్లించవలసి వచ్చింది. ఆదుకునే కేంద్ర బ్యాంకు లేక, దేశం మళ్లీ మోర్గన్ వంకే చూసింది. నవంబరు 4 ఉదయం యు.ఎస్. స్టీల్ పెద్దలు ఎల్బర్ట్ గ్యారీ, హెన్రీ ఫ్రిక్ వైట్‌హౌస్‌కు వచ్చి, కుప్పకూలబోతున్న ఒక బ్రోకరు సంస్థను నిలబెట్టేందుకు టెనెసీ కోల్ అండ్ ఐరన్ కంపెనీని తాము కొంటామని, ప్రభుత్వం కేసు వేయదు కదా అని అడిగారు. అభ్యంతరం చెప్పడం తన బాధ్యత అనుకోనని రూజ్‌వెల్ట్ బదులిచ్చారు. దేశంలోకెల్లా పెద్ద ఉక్కు కంపెనీ ఇంకా పెద్దదైంది. కొద్ది నిమిషాల సంభాషణతో, ఏ విచారణా లేకుండా తేలిపోయిన ఆ నిర్ణయం మోర్గన్ 1902లో కోరిన సర్దుబాటుకు ఏ విధంగా భిన్నమో చెప్పడం కష్టం. 1911 అక్టోబరులో టాఫ్ట్ ప్రభుత్వం యు.ఎస్. స్టీల్ మీద వేసిన కేసులో ఆ కొనుగోలును నేరారోపణగా చూపింది. తాను మోసపోయానన్నట్టు రాశారని రూజ్‌వెల్ట్ మండిపడ్డారు. తానే ఎంచుకుని వారసుడిగా నిలిపిన టాఫ్ట్‌తో స్నేహం అంతటితో తెగిపోయింది.

అప్పటికే ఆయన చాలా దూరం నడిచి వచ్చారు. 1910 ఆగస్టు 31న కాన్సస్‌లోని ఒసావటోమీలో, ఆస్తి మీద ప్రతి మనిషికీ ఉన్న హక్కు ప్రజాహితం కోసం దాన్ని నియంత్రించే సమాజపు హక్కుకు లోబడి ఉంటుందన్నారు. ఆదాయపు పన్ను, భారీ వారసత్వపు పన్ను, కార్మిక నష్టపరిహారం, బాలకార్మికుల రక్షణ కోరారు. 1912 ఫిబ్రవరి 21న ఒహాయో రాజ్యాంగ సదస్సులో ఇంకొక అడుగు వేశారు: రాష్ట్ర న్యాయస్థానం ఒక సామాజిక చట్టాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేస్తే, ఆ తీర్పు ఉండాలా పోవాలా అని ప్రజలే ఓటు వేసి తేల్చాలి. ముప్పై ఏళ్ల కిందటి చుట్టల గదులు ఆ ప్రతిపాదన వెనుక ఉన్నాయి. సంప్రదాయ రిపబ్లికన్లు ఆయన్ను ఇక క్షమించలేదు. జీవితకాల మిత్రుడు సెనేటర్ హెన్రీ కాబట్ లాడ్జ్ సైతం దూరం జరిగారు. జూన్‌లో చికాగోలో రిపబ్లికన్ పార్టీ మహాసభ టాఫ్ట్‌నే అభ్యర్థిగా ఎంచుకుంది. ఆగస్టులో ఆయన అభ్యర్థిగా పుట్టిన ప్రోగ్రెసివ్ పార్టీ మహిళలకు ఓటు, ఎనిమిది గంటల పని, సామాజిక బీమా కోరింది. అదే పార్టీ దక్షిణాది నల్లజాతి ప్రతినిధులను లోపలికి రానివ్వలేదు. అక్టోబరు 14న మిల్‌వాకీలో ఛాతీలో దిగిన తూటాతోనే రూజ్‌వెల్ట్ గంటకు పైగా ప్రసంగించారు. నవంబరులో డెమొక్రాట్ వుడ్రో విల్సన్‌కు 435 ఎలక్టోరల్ ఓట్లు, రూజ్‌వెల్ట్‌కు 88, టాఫ్ట్‌కు 8 వచ్చాయి.

ఆయన 1912లో పోరాడిన తీర్పుల్లో ఒకటి న్యూయార్క్‌లోనే, చుట్టల చట్టాన్ని కొట్టేసిన ఆ న్యాయస్థానంలోనే వచ్చింది. 1911 మార్చి 24న అది రాష్ట్రపు కార్మిక నష్టపరిహార చట్టాన్ని, యజమాని ఆస్తి హక్కుకు భంగమని రద్దు చేసింది. మర్నాడు మధ్యాహ్నం ఆ నగరంలోనే ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారంలో మంటలు రేగి, 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది యువతులు. తీర్పును తిరగరాసే ఓటు ప్రజలకు లేదు కాబట్టి న్యూయార్క్ శాసనసభ దూరపు దారి పట్టింది. రాజ్యాంగాన్నే సవరించే ప్రతిపాదనను 1913 నవంబరులో ఓటర్ల ముందుంచితే వారు ఆమోదించారు, నష్టపరిహార చట్టం మళ్లీ వచ్చింది. అప్పటికి రూజ్‌వెల్ట్ దక్షిణ అమెరికా పర్యటనలో ఉన్నారు.